పన్నెండో కిలోమీటరు

మేడ్చల్,
8 జూన్ 2025, ఆదివారం.

కుర్మయ్య గారికి,

జనార్ధన్ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. నాగారంలో మీరు, మీ అమ్మాయి సరళ, అల్లుడు, పిల్లలు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. నాకు పెద్ద ఇబ్బందులేమీ లేవు. బీపీ మాత్ర వేళకు వేసుకుంటున్నాను. అన్నం వండడం వచ్చింది, కూర ఇంకా రాలేదు. ఈ ఇంట్లో ఆరోగ్యం బాగులేనిది అంబాసిడర్ ఒక్కటే. ఉత్తరం దాని గురించే.

ఇరవై రెండేళ్ళుగా నా బండి బాగుచేసిన మిమ్మల్ని నువ్వు అనే పిలిచాను. కాగితం మీద మీరు అని వస్తోంది. అలాగే ఉండనివ్వండి.

ఫోను చేయొచ్చు కదా అంటారేమో. చేశాను. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి. రెండుసార్లూ "మంచిదే సార్, మీరు మంచిగున్నరా" అని పెట్టేశారు. ఉత్తరమైతే సరళ చదివి వినిపిస్తుంది. కూతురు చదువుతుంటే మధ్యలో లేచి వెళ్ళలేరు. సరళా, బండి సామాను పేర్లు వచ్చినచోట కొంచెం నెమ్మదిగా చదువమ్మా. మీ నాయిన అక్కడే నా తప్పులు పడతాడు.

బండికి నవంబరు నుంచి ఒకటే జబ్బు. పొద్దున మొదటి సెల్ఫ్‌కే లేస్తుంది. ఊళ్ళో తిరిగితే ఏమీ అనదు. మా అత్తగారిని, శోభ వాళ్ళమ్మను, చూడడానికి శామీర్‌పేట బయలుదేరితే మాత్రం పన్నెండో కిలోమీటరు దగ్గర, చెరువు కనబడడానికి కాస్త ముందు, రెండుమూడుసార్లు గుటకలు మింగి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు నిలబడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. అయిదారు కిలోమీటర్లు వెళ్ళాక మళ్ళీ అంతే. ఈ ఆరు నెలలూ ఆదివారాలు బస్సులోనే వెళ్తున్నాను.

ఏప్రిల్‌లో కొంపల్లి వైపు ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ చేతిలో చిన్న కంప్యూటరు పట్టుకొని, దాని వైరు ఎక్కడ తగిలించాలా అని బానెట్ కిందంతా వెతికాడు. చివరికి, "సార్, గీ బండి ఏం మాట్లాడది. దీన్ని మ్యూజియంల వెట్టుండ్రి" అన్నాడు. మీరైతే దానితో అరగంట మాట్లాడేవారు. "గిది బండి గాదు సార్, మా పెద్దవ్వ. తిడితే లేవది, బతిమాలితే లేస్తది" అనేవారు.

అందుకని నేనే మొదలుపెట్టాను. జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఇంజన్ ఆగడానికి కారణం పట్టుకోలేనా అనిపించింది. మీరు నవ్వుతారు. "పాఠం చెప్పుడు వేరు సార్, పానా వట్టుడు వేరు" అని ఎన్నిసార్లు అనలేదు మీరు!

ఇంజన్ నడవాలంటే నిప్పు కావాలి, పెట్రోలు కావాలి, గాలి కావాలి. ఒక్కొక్కటీ చూసి కొట్టేయాలని నోటుబుక్కులో రాసుకున్నాను. ముందు నిప్పు. కాయిల్ వేడెక్కితే నిప్పు తగ్గుతుందని చదివి, బండి ఆగగానే ప్లగ్గు తీగ ఊడదీసి చేత్తో పట్టుకుని సెల్ఫ్ కొట్టాను. తరువాత ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. ఇంటి దగ్గర ఇంకోసారి చేశాను, ఈసారి రబ్బరు చెప్పులు వేసుకుని. పాలు పోయడానికి వచ్చిన బుచ్చమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. "ఏంది సారూ, బండితోని కొట్లాడుతున్నవా? అది నీకంటే పెద్దదిలే, వదిలెయ్" అంది.

నిప్పు బాగానే ఉంది, కుర్మయ్య గారూ. కొత్త కాయిల్ పెట్టి చూశాను, కండెన్సర్ మార్చి చూశాను, తేడా లేదు. మీరు వేసినవే మళ్ళీ పెట్టేశాను. నిప్పు పుట్టించే పాయింట్ల మధ్య సందు కొలవడానికి స్టీలు రేకుల గేజి ఒకటి తెప్పించాను. మీరు ఆర్టీసీ టికెట్టు మడిచి దూర్చి కొలిచేవారు గుర్తుందా? నేను వెక్కిరించేవాణ్ణి. పుస్తకంలో సున్నా పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు ఉండాలని రాశాడు. దసరా ముందు మీరు టికెట్టుతో పెట్టిన సందు, ఎనిమిది నెలల తర్వాత, సరిగ్గా అంతే ఉంది. రెండుసార్లు కొలిచాను.

మొన్న స్టేషన్ రోడ్డుకు వెళ్ళాను. మీ షెడ్డు షట్టరు మీద ఎవరో ఫ్లెక్సీల దుకాణం పేరు రాయించారు. పక్కనే మొగులయ్య చాయ్ దుకాణంలో కూర్చుని మీరెప్పుడు వస్తారని అడిగాను. అతను చాయ్ వడపోస్తూ నా మొహం చూడకుండా చెప్పాడు. "ఏమొస్తడు సార్, ఆడ అపార్ట్‌మెంటుల వాచ్‌మెన్ వెట్టుకున్నరట. గేటు తీసుడు, గేటు ఏసుడు. కుర్మయ్య చెయ్యి వోయింది అని మీరే అంటిరి గద, గీడనే, నలుగురు వింటుండంగ. సార్ అంతటోడు అన్నంక ఇగ ఎవడిస్తడు బండి? ఆయన గూడ గదే అంటుండు, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదని."

ఆ చాయ్ తాగలేకపోయాను.

ఆ రోజు సంగతి ఈ ఉత్తరంలో రాయడం లేదు. రాయాల్సి ఉంది. ముందు బండి జబ్బు ఏమిటో తేలితే దానితో పాటే రాస్తాను. ఇప్పటికి తేలింది ఒకటే. మీరు చేసిన పనిలో జబ్బు లేదు.

సరళకు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
జనార్ధన్


మేడ్చల్,
22 జూన్ 2025, ఆదివారం.

కుర్మయ్య గారికి,

నమస్కారాలు. వానలు మొదలయ్యాయి. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో. గేటు దగ్గర కూర్చోవడానికి నీడ ఇచ్చారా?

నా మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. వస్తుందనీ అనుకోలేదు. నిన్న మొగులయ్య ఒక మాట చెప్పాడు. బోనాలు కాగానే మీ పానాల డబ్బా పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేస్తానన్నారట. ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా అని అతన్నే అడిగారట. అందుకే బండి జబ్బు తేలకముందే ఆ రోజు సంగతి రాస్తున్నాను.

శోభారాణి పోయాక మొదటి నెల మాసికం. శామీర్‌పేటలో మా అత్తగారు బాలనర్సమ్మ వండి పెట్టుకుని కూర్చుంది. పన్నెండో కిలోమీటరు దగ్గర బండి ఆగింది. ఇరవై నిమిషాలు ఆగితే లేస్తుందని అప్పటికి తెలియదు. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించేశాను. ఎవరి బండో పట్టుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మాసికం చేయించే అయ్యగారు ఇంకో ఇంటికి వెళ్ళిపోయారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి నేరుగా మీ షెడ్డుకు వచ్చాను. నేనన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఇరవై ఏళ్ళు నా బండి మీద బతికినవ్. ఆఖరికి పాత సామాను ఏసి కొత్తదని చెప్పినవ్. నీ చెయ్యి పోయింది కుర్మయ్యా, ఇగ నా బండి ముట్టకు." మీరు చేతులు తుడుచుకున్నారు. "సార్, మీరు బాధల ఉన్నరు. జెరన్ని నీళ్ళు తాగి ఇంటికి వోండ్రి" అన్నారు. చెంబు తెచ్చి ఇచ్చారు. నేను తీసుకోలేదు.

మీరు పాత సామాను వేయలేదు. ఆ మాట అన్నప్పుడు కూడా నాకు అది తెలుసు. నా తప్పు. క్షమించమని అడుగుతున్నాను.

ఇంకో మాట కూడా ఎప్పుడో చెప్పాల్సింది. ఆగస్టు నుంచి శోభను వారానికి రెండుసార్లు సిటీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఒళ్ళంతా నొప్పులు. కుదుపు తగిలితే పెదవి కొరుక్కునేది. క్యాబుల్లో పడుకోవడానికి ఉండేది కాదు. నేను అడగకుండానే మీరు వచ్చి ముందు సీటు విప్పేశారు. టేకు చెక్కలు చెక్కి కింద పెట్టి, సీటు వెనక్కి వాలేట్టు చేశారు. తర్వాత ఇంజన్. బానెట్ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టి, కార్బురేటర్ స్క్రూ వెంట్రుక వాసి తిప్పుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చున్నారు. నేను ఇక చాలులే అన్నాను. "చాయ్ కదిల్తే అమ్మ కదిలినట్టే సార్. మీరు లోపలికి వోండ్రి" అన్నారు.

చాయ్ మీద తొరక కట్టింది కానీ కదలలేదు.

ఆ తరువాత ఒకరోజు బొల్లారం గేటు దగ్గర రెండు రైళ్ళు పోయేదాకా ఆగాల్సి వచ్చింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. శోభ నిద్రపోయింది. మూడు రోజులుగా నిద్ర లేని మనిషి. గేటు ఎత్తాక వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా నేను కాసేపు బండి కదిలించలేదు. ఆ నిద్ర మీరిచ్చారు. అప్పుడు ధన్యవాదం చెప్పలేదు. తరువాత చెప్పింది ఏమిటో పైన రాశాను.

ఇక బండి సంగతి. నిప్పు అయిపోయింది కాబట్టి పెట్రోలు వైపు చూశాను. ఆగిన చోట ఇంజన్ పక్కన పంపు గాజుగిన్నె చూస్తే దాదాపు ఖాళీగా ఉంది. అంటే పెట్రోలు రావడం లేదు. పంపు విప్పి లోపలి రబ్బరు పొర మార్చాను. పైపు ఊడదీసి సైకిల్ పంపుతో ఊదాను, ట్యాంకులో బుడబుడమని చప్పుడు వచ్చింది. దారి శుభ్రంగానే ఉంది. ఎండకు పెట్రోలు ఆవిరవుతోందేమోనని పంపు చుట్టూ తడిగుడ్డ కట్టి నడిపాను. బుచ్చమ్మ అడిగింది, "జొరం గూడ వచ్చిందా దానికి?" అని. ఆగాల్సిన చోటే ఆగింది.

ఒక్కటి అర్థం కావడం లేదు. ట్యాంకు నిండా పోయించిన రోజు పన్నెండు కిలోమీటర్లకే ఆగుతోంది. సగం ఉన్న రోజు ఆగకుండా కీసర దాకా వెళ్ళి వచ్చింది. పెట్రోలు ఎక్కువ ఉంటే ముందు ఆగడమేమిటి? నోటుబుక్కులో నాలుగు పేజీలు లెక్కలు వేసి కొట్టేశాను.

మీకేమైనా తోస్తే చెప్పండి. చెప్పాలని నిర్బంధం లేదు. కానీ డబ్బా మాత్రం ఇచ్చేయకండి. సరళా, ఈ మాట రెండుసార్లు చదువమ్మా.

ఇట్లు,
జనార్ధన్


మేడ్చల్,
13 జూలై 2025, ఆదివారం.

కుర్మయ్య గారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం పది రోజుల కింద రాయాల్సింది. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

సరళ ఫోను చేసిన రోజు నేను వంటింట్లో ఉన్నాను. "సార్, నేను సరళను. నాయిన పక్కనే ఉన్నడు గని మాట్లాడడట. నన్ను అడగమంటుండు" అంది. వెనక నుంచి మీ గొంతు వినబడింది. మార్చి తరువాత మళ్ళీ అప్పుడే.

"బండి ఆగినంక ట్యాంకు మూత తీసిండా అడుగు."

తీయలేదన్నాను. ట్యాంకు నిండుగా ఉందని తెలిసినప్పుడు మూత ఎందుకు తీస్తామని కూడా అన్నాను. లెక్చరర్ బుద్ధి. సరళ మీకు చెప్పింది. "తీయమను. తీసేటప్పుడు చెవి దగ్గర వెట్టి వినమను. సప్పుడైతదా కాదా, గంతే" అన్నారు మీరు. సరళకు విసుగొచ్చింది. "ఫోను నీ చేతిల వెడ్తున్న, నువ్వే జెప్పరాదు? నడుమల నేనేమన్న పోస్టుమ్యాన్‌నా?" అంది. దానికి మీరు, "నాకు సార్‌తోని ఏం పని? నేను బండిని అడుగుతున్న" అన్నారు.

ఫోను పెట్టేశాక పొయ్యి మీద అన్నం మాడింది. ఆ పూట మాడిన అన్నమే తిన్నాను. చాలా రోజులకు ఆకలి వేసింది.

జూలై ఒకటి, మంగళవారం. బంకులో ట్యాంకు నిండా పోయించి శామీర్‌పేట దారి పట్టాను. అదే చోట గుటకలు మింగి ఆగింది. ఈసారి బానెట్ ఎత్తలేదు. వెనక్కి వెళ్ళి, వంగి చెవి పెట్టి మూత తిప్పాను. బిగుసుకుపోయి ఉంది. వదులు కాగానే "ఉస్‌స్" అని లోపలికి గాలి పోయింది. అంత పొడుగు ఊపిరి. వెంటనే సెల్ఫ్ కొట్టాను. ఇరవై నిమిషాలు కాదు, ఇరవై క్షణాలు కూడా పట్టలేదు. లేచింది.

నేను మాత్రం మూత చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను.

సరళకు అర్థమయ్యేట్టు రాస్తాను. ట్యాంకు మూతకు మధ్యలో సన్నటి రంధ్రం ఉంటుంది. ఇంజన్ పెట్రోలు లాగిన కొద్దీ, ఆ రంధ్రంలోంచి గాలి వెళ్ళి ఖాళీని నింపాలి. రంధ్రం మూసుకుపోతే గాలి వెళ్ళదు. పంపు ఎంత లాగినా కొంతసేపటికి పెట్రోలు రాదు. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలికి చోటు తక్కువ, కాబట్టి ముందే బిగుస్తుంది. సగం ఖాళీగా ఉంటే ఇంకొంత దూరం వెళ్తుంది. ఇరవై నిమిషాలు ఆగితే మూత అంచుల్లోంచి కొంచెం గాలి దూరుతుంది. అంతే జబ్బు.

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఏటా అడిగేవాణ్ణి. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే నూనె ధారగా ఎందుకు రాదు, రెండో చిల్లు ఎందుకు పెట్టాలి అని. ముప్పై ఒక్క ఏళ్ళు అడిగాను. తప్పు రాసినవాళ్ళను నిలబెట్టేవాణ్ణి. నా బండి ట్యాంకుకు రెండో చిల్లు మూసుకుపోయిందని ఏడు నెలలు తెలియలేదు. పాఠం చెప్పుడు వేరు అని మీరు అనక ముందే నేనే అనేస్తున్నాను. మీరు బండిని కళ్ళతో చూడకుండా, చేత్తో ముట్టకుండా, నాగారంలో గేటు దగ్గర కూర్చుని చెప్పారు. ఆ రోజు నేను నాలుగు మాటలు తక్కువ మాట్లాడి, చెంబు నీళ్ళు తీసుకుని తాగి ఉంటే, అయిదు నిమిషాల్లో చెప్పి ఉండేవారు.

రంధ్రంలో దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. వానలు, బురద, పాత బండి. ప్రస్తుతానికి మూత కొంచెం వదులుగా పెట్టి, మీద గుడ్డ కట్టి నడుపుతున్నాను. రెండు ఆదివారాలు శామీర్‌పేట వెళ్ళి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "ఏం అల్లుడా, గింత జల్దీ వచ్చినవ్, బస్సుకు రెక్కలు మొల్సినయా?" అంది. బండి కనబడగానే ముందు సీట్లో వెళ్ళి కూర్చుంది. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. ఊరికే కూర్చుంది. వెనక్కి వాలి, "మంచిగున్నది గీ సీటు. ఎవరు జేసిండ్రు?" అని అడిగింది. మీ పేరు చెప్పాను. "నా బిడ్డ జెప్పింది, కుర్మన్న జేసిండని. మర్సిన. ఆయన సల్లగుండాలె" అంది.

మొగులయ్య దుకాణానికి కూడా వెళ్ళాను. సాయంత్రం, నలుగురైదుగురు ఉన్న సమయం చూసుకుని వెళ్ళాను. లోపల కూర్చోకుండా నిలబడే చెప్పాను. నవంబరులో ఇక్కడ నిలబడి కుర్మయ్యను అన్న మాట తప్పు, బండిలో అతని పనిలో నూలుపోగంత తేడా కూడా లేదు, తప్పంతా నా వైపే ఉంది, జబ్బు పట్టుకున్నది కూడా అతనే అని. మొగులయ్య, "మరి గా రోజు తెల్వకుంటనే అంటిరా సార్?" అన్నాడు. జబ్బు ఏమిటో తెలియకుండానే అన్నానన్నాను. "తెల్వనప్పుడు ఊకుండాలె గద" అన్నాడు. అవునన్నాను. అక్కడున్న ఆటో ఆయన ఒకరు మీ నంబరు అడిగి తీసుకున్నాడు. వాళ్ళ నాయిన జీపు ఒకటి మూడేళ్ళుగా లేవడం లేదట. నేను ఇవ్వొచ్చో లేదో అడక్కుండా ఇచ్చాను, ఏమనుకోకండి.

కుర్మయ్య గారూ, మీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఇది ధైర్యానికి చెప్పే మాట కాదు. నా గేజి చెప్పింది, గాజుగిన్నె చెప్పింది, బండి చెప్పింది. శోభ ఉంటే మొదటి రోజే చెప్పేది. డబ్బా ఇంకా మీ దగ్గరే ఉందని సరళ మెసేజి పెట్టింది. బోనాల లోపు దాచేస్తానని కూడా రాసింది. చాలా సంతోషం.

ట్యూనింగ్ నాకు రావడం లేదు. చాయ్ గ్లాసు పెట్టి స్క్రూ తిప్పాను. చాయ్ బానెట్ మీద ఒలికింది. వీలు చూసుకుని ఒకసారి మేడ్చల్ రండి. బండి వేసుకుని నేనే నాగారం వచ్చి తీసుకొస్తాను.

మీ అందరికీ నా కృతజ్ఞతలు.

ఇట్లు,
జనార్ధన్


తాజా కలం:

సంతకం పెట్టాను కానీ కవరు అంటించలేకపోయాను. పైన దుమ్ము అని రాశాను. అది అబద్ధం. రెండు ఉత్తరాలు చించేసింది కూడా ఆ మాట దగ్గరే.

పోయిన దసరాకు బండి పూజ నాడు శోభ కుర్చీలో కూర్చుని ఉంది. బొట్లన్నీ నన్నే పెట్టమంది. అంతలో ఏమనుకుందో, లేచి బండి అంచు పట్టుకుంటూ వెనక్కి నడిచింది. పసుపు రాసి, కుంకుమ అద్ది, పెట్రోలు మూత మీద బొట్టు పెట్టింది. "గిది దీని నోరు. దీనికి నేనే వెడ్త" అంది. తరువాత పదహారు రోజులకు పోయింది.

పదకొండో రోజు అయ్యాక బండి కడిగాను. నేను పెట్టిన బొట్లు పైపు నీళ్ళకు పోయాయి. ఆ ఒక్కటి పోకుండా చెయ్యి అడ్డం పెట్టాను. వాన వస్తే పోతుందని భయం వేసింది. తలుపులకు వేయగా మిగిలిన వార్నిష్ అలమరలో ఉంది. కుంచెతో రెండు పూతలు వేశాను. తరువాత బండి తీసింది మాసికం నాడే.

రంధ్రం ఆ బొట్టు కింద ఉంది. మూసింది నేను. మూసి, వచ్చి, మిమ్మల్ని అన్నాను. చెరువు దగ్గర మూత చేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసింది.

కొత్త మూత కొని పెట్టొచ్చు. కొనలేదు. ఈ బొట్టు గీకేయడం నా వల్ల కాదు. రంధ్రం ఉన్నంత మేర సూదితో పొడవాలని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ సూది పక్కన పెట్టి లేచాను. కొంచెం పక్కకు జరిగితే కుంకుమంతా పెచ్చు లేచిపోతుంది.

వెంట్రుక వాసి తిప్పగల చెయ్యి మీది. బొట్టు పోకుండా చిల్లు పడాలి. సన్న సూది ఇంట్లోనే ఉంది. మీరు రండి.